24 అడుగుల్లో 4 తలుపుకే

చిన్న బాత్రూమ్ అనగానే ప్రతివాళ్లూ ఇచ్చే సలహా ఒకటే. లేత రంగు టైల్స్ వేయించండి, పెద్ద అద్దం పెట్టించండి, విశాలంగా కనిపిస్తుంది అని. కనిపిస్తే ఏం లాభమండీ? నేను అందులో స్నానం చేయాలి!

మా బాత్రూమ్ ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. మొత్తం 24 చదరపు అడుగులు. తలుపు 27 అంగుళాలది, లోపలికి తెరుచుకునేది. ఒకరోజు ఒళ్లు మండి లెక్కేస్తే, ఆ తలుపు తిరగడానికే దాదాపు 4 చదరపు అడుగులు పోతున్నాయని తేలింది. లోపలికెళ్లి, కమోడ్ పక్కన ఒదిగి, పొట్ట లోపలికి లాక్కుంటే గానీ తలుపు పడేది కాదు. ఇలా ఆరేళ్లు గడిపాం. పైగా లోపల ఎవరైనా జారిపడితే వాళ్ల ఒళ్లే తలుపుకి అడ్డు, బయటివాళ్లు తోసినా రాదు. చివరికి కార్పెంటర్ ఒక్క పూటలో చట్రం సరిచేసి, బయటికి తెరుచుకునేలా బిగించాడు. బయట దారి ఇరుగ్గా ఉన్నవాళ్లు పక్కకి జరిపే తలుపు పెట్టించుకోవచ్చు.

అసలు కోపం నేల వాటం మీద, అంటే నీళ్లు పోవడానికి ఇచ్చే వాలు మీద. నీళ్లు బయటికి పోయే జాలీ మా బాత్రూమ్‌లో తలుపు దగ్గర మూలన ఉంది. నీళ్లేమో కమోడ్ వెనక మూలకి చేరి, అక్కడే కాపురం పెడతాయి. మేస్త్రీని అడిగితే "అదేముంది సార్, వైపర్‌తో తోసేస్తే పోతుంది" అన్నాడు. కమోడ్ వెనక్కి వైపర్ ఎలా దూరుతుందో చెప్పలేదు. మీటరుకి ఒక సెంటీమీటరు, మహా అయితే ఒకటిన్నర వాటం చాలు, నీళ్లు వాటంతటవే పోతాయి. టైల్స్ పరిచేటప్పుడే, సందులు నింపకముందే, నాలుగు మగ్గుల నీళ్లు పోసి నిలబడి చూడాల్సింది. గోడ టైల్ రంగు కోసం మూడు షాపులు తిరిగిన నేను ఆ నాలుగు మగ్గులు పోయలేదు. అన్నట్టు, నేలకి పెద్ద టైల్ వేస్తే వాటం సరిగ్గా కుదరడం కష్టం. చిన్న టైల్స్ వాలుకి తగ్గట్టు కూర్చుంటాయి, సందులు ఎక్కువ కాబట్టి కాలికి పట్టు కూడా దొరుకుతుంది. గరుకుగా ఉన్నవి తీసుకోండి. నున్నగా మెరిసేవి షాపులోనే బాగుంటాయి.

గోడకి వేలాడే కమోడ్ పెడితే చోటు బాగా కలిసొస్తుందని చెప్తారు. కింద తుడుచుకోవడం సులువే, ఒప్పుకుంటా. కానీ దాని ట్యాంకుని గోడలో దాచాలి. గోడకి అంత మందం లేకపోతే ముందు ఇంకో గోడ కట్టాలి. అప్పుడు మిగిలిన చోటు కాస్తా దానికే పోతుంది.

సబ్బులూ షాంపూలూ పెట్టడానికి స్టాండ్లు బిగించే బదులు, కుదిరితే గోడలోనే గూడు కట్టించండి, మోచేతికి తగలదు. అడుగు పలక కాస్త ముందుకి వాలాలి, లేకపోతే సబ్బు నానిపోయి జిగురైపోతుంది. తలుపు వెనక నాలుగు కొక్కేలు. అంతే.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ విషయంలో మాత్రం తప్పు పూర్తిగా నాదే. విమానంలా మోగుతుంది, అద్దం మీద ఆవిరి మాత్రం పోదు. ఫ్యాన్ మార్చేశా. అయినా అంతే. తీరా చూస్తే, పురుగులు రాకుండా తలుపు కింద నేనే రబ్బరు పట్టీ అంటించా. గాలి లోపలికి రాకుండా బయటికి ఎలా పోతుంది? పట్టీ పీకేసి రెండు సెంటీమీటర్ల సందు వదిలాక, కాసేపట్లోనే నా మొహం నాకు కనిపించింది.

ఇప్పుడు ఇంట్లో కొత్త గొడవ. అద్దం మూలన మచ్చ పడింది, పెద్దది తీసుకుందాం, గది విశాలంగా కనిపిస్తుందట. ముందు కమోడ్ వెనక నీళ్లు పోనివ్వండి, తర్వాత చూద్దాం అన్నాను.