క్షమించి క్షమించి అలిసిపోయిన ఒపెరా గారికి

లా క్లెమెంజా ది టీటో గారూ,

మీ పేరుకి అర్థం ‘టీటో గారి దయ’. ఏమన్నా క్షమించేస్తారన్న ధైర్యంతోనే ఈ ఉత్తరం.

1791 సెప్టెంబర్ 6న ప్రాగ్‌లో, రెండో లియోపోల్డ్ బొహీమియా రాజుగా కిరీటం పెట్టుకున్న రోజున మీరు తొలిసారి వేదికెక్కారు. కాంట్రాక్టు మీద సంతకం పడింది జులై 8న. అంటే రెండు నెలలు కూడా లేవు. స్వరకర్త సాలియేరీని అడిగితే కుదరదన్నాడు, పని మోజార్ట్ నెత్తిన పడింది. కొత్త కథకి టైం ఎక్కడిది? 1734లో కవి మెటస్టాసియో వియన్నాలో ఆరో చార్లెస్ చక్రవర్తి కోసం రాసిన కథనే దులిపి, మత్సోలా అనే ఇంకో కవి చేత కురచ చేయించారు. ఆ చార్లెస్ ఎవరు? లియోపోల్డ్ తల్లికి తండ్రి. తాతకి కుట్టించిన కోటు మనవడికి తొడిగారన్నమాట. పాపం లియోపోల్డ్‌కి అది మరీ వదులేం కాలేదు లెండి. 1786లో, తను ఏలిన ఇటలీ టస్కనీలో మరణశిక్ష రద్దు చేసినవాడే ఆయన.

మీ కథలో రోమన్ చక్రవర్తి టీటో గారితోనే నా పేచీ. పెళ్ళాడతానన్న పిల్ల ఇంకొకర్ని ప్రేమించానంటే సరే అంటాడు. ప్రాణస్నేహితుడు సెస్టో రోమ్‌లోని కాపిటల్ గుట్టకి నిప్పు పెడితే, మరణశిక్ష మీద సంతకం చేసి చింపేస్తాడు. టీటోని చంపమని సెస్టోని పంపిన అసలు సూత్రధారి విటెల్లియా నేరం ఒప్పుకుంటే, ఒకడిని వదిలేలోపే ఇంకొకరు దొరుకుతున్నారేంటని విసుక్కుని, ఆవిణ్ణీ వదిలేస్తాడు. అందర్నీ క్షమించే మనిషితో నాటకం ఎలా నడుస్తుందండీ?

అందుకే మోజార్ట్ మంచి సరుకంతా దోషుల చేతికిచ్చాడు. టీటోని చంపడానికి బయల్దేరే సెస్టో పాట ‘పార్తో, పార్తో’ అంటే ‘వెళ్తున్నా, వెళ్తున్నా’. సెస్టో కదలడు. మన చుట్టాలు ‘వస్తామండీ’ అని గుమ్మం దగ్గర అరగంట నిలబడినట్టు, ఆరేడు నిమిషాలు పాడతాడు. పక్కన క్లారినెట్ అతని గొంతు కిందికి దిగి, పైకి ఎగబాకి, మనసు మార్చుకోరా అని బతిమాలుతున్నట్టుంటుంది. తీరా అతను వెళ్ళాక, చక్రవర్తి నిన్నే పెళ్ళాడతాడట అని విటెల్లియాకి కబురు. చంపమని పంపిన మనిషి వెళ్ళిపోయాడాయె! ఆవిడ వణికిపోతుంటే, ఎదురుగా ఉన్న ఇద్దరూ ‘ఆనందం ఎక్కువైతే మనిషి ఇలాగే తికమకపడుతుంది’ అని పాడుకుంటారు. ఇది నవ్వులాటో విషాదమో నాకిప్పటికీ తేలలేదు, కానీ మీలో నాకు నచ్చే చోటు అదే.

తొలి ప్రదర్శన చూసిన జిన్‌జెన్‌డార్ఫ్ ప్రభువు మహా విసుగు పుట్టిందని డైరీలో రాసుకున్నాడు. నొచ్చుకోకండి. క్షమించడం మీకు అలవాటే కదా.

ఇట్లు,
టీటో గారి పాట వచ్చినప్పుడు కాఫీకి లేచే ఒక శ్రోత

తా.క.: సెప్టెంబర్ 30న ప్రాగ్‌లో మీ చివరి ప్రదర్శనకి చప్పట్లు మోగిపోయాయని మోజార్ట్ తన భార్యకి రాశాడు. క్లారినెట్ వాయించిన స్టాడ్లర్‌కి కూడా శభాష్‌లట. జనం మళ్ళీ పాడించుకున్నది మాత్రం ఇద్దరు ప్రేమికుల చిన్న యుగళాన్ని.