'ఏం లేదు'కి ఒక ఉత్తరం

ఏం లేదూ,

గారు అనాలా వద్దా అని కాసేపు తటపటాయించాను. మా అమ్మ కాలం నుంచీ ఉన్నావు కాబట్టి పెద్దదానివే, కానీ రోజుకు పదిసార్లు నా నోట్లోంచి ఊడిపడేదానికి గారు ఏమిటిలే అని నువ్వు అనే రాస్తున్నా. ఏమనుకోకు.

ముందు నీ పనితనం ఒప్పుకోవాలి. ఎవరైనా "ఏమైంది, అలా ఉన్నావ్?" అని అడగడం పూర్తయ్యేలోపే వచ్చి నిలబడతావు. ఏమైందో నాకే ఇంకా తెలిసి ఉండదు, నువ్వు జవాబు చెప్పేసి ఉంటావు. సెలవు పెట్టవు, జ్వరమొచ్చినా మానవు. నీకు సాయంగా మీవాళ్లు ఉండనే ఉన్నారు. "పర్లేదులే" మీ చెల్లెలు, "కాస్త అలసటగా ఉందంతే" మీ మేనకోడలు, మరీ నిలదీస్తే "నాకేం, నిక్షేపంలా ఉన్నా" అనే ఒక ముసలావిడ. పెద్ద కుటుంబమే మీది, అందరూ నా నాలుక మీదే మకాం.

మొన్న బాత్రూమ్‌లో కుళాయి తిప్పి కూర్చున్నప్పుడు కూడా తలుపు దగ్గర నువ్వే కాపలా. నీళ్ల చప్పుడులో ఏడుపు వినబడదని నాకు ఎవరూ నేర్పలేదు, ఎలా వచ్చిందో వచ్చింది. బకెట్ నిండేదాకా టైమ్. నిండగానే కట్టేసి, ముఖం కడుక్కుని బయటికొస్తే మా ఆయన "కళ్లేంటి అంత ఎర్రగా?" అన్నారు. "సబ్బు" అన్నాను. చూశావా, నీకు పోటీ కూడా తయారవుతోంది.

ఒక్కటి మాత్రం నీ చేతకాదు. నోటిని కాస్తావు గానీ చేతులు నీ మాట వినవు. ఏం లేదంటూనే గిన్నెలు ఠంగుమని పెడతాను, తలుపు కాస్త గట్టిగానే పడుతుంది. అడిగినవాళ్లు నిన్ను నమ్మి వెళ్లిపోతే, నమ్మినందుకు మళ్లీ వాళ్లమీదే కోపం. ఇందులో వాళ్ల తప్పెంతో, నాదెంతో నాకే తేలడంలేదు.

మా అమ్మ సంగతి గుర్తుందా నీకు? ఆవిడకి 48 ఏళ్లప్పుడు రాత్రి రెండింటికి లేచి కూర్చునేది, ఒళ్లంతా చెమటలు, చిన్న మాటకే కళ్లనీళ్లు. ఏమైందమ్మా అంటే నువ్వే. "అమ్మకి ఈమధ్య చిరాకు ఎక్కువైంది" అని మేమంతా తీర్మానం చేసేశాం. నెలసరి ఆగిపోయే ముందు ఆ కొన్నేళ్లలో హార్మోన్లు పైకీ కిందకీ ఊగుతాయని, ఆ వయసులో డిప్రెషన్ వచ్చే అవకాశం పెరుగుతుందని, దానికి వైద్యం ఉందని మాకు తెలిసేసరికి ఆవిడ అదంతా దాటేసింది. ఒక్కతే.

నీకు ముందు ఈ ఉద్యోగంలో ఉన్నవాడి పేరు హిస్టీరియా. గ్రీకు భాషలో గర్భసంచి అనే మాటలోంచి పుట్టిన పేరు. ఆడది ఏడ్చినా, అరిచినా, అసలు మాట్లాడకపోయినా ఆ చీటీయే అంటించేవారు. అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలోంచి ఆ జబ్బు పేరు తీసేసింది 1980లో, అంటే నిన్నగాక మొన్న. అప్పుడు వాళ్లు పేరు పెట్టి నోరు మూయించేవారు, ఇప్పుడు ఆ పని నీ సాయంతో మేమే చేసుకుంటున్నాం. డిప్రెషన్ మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. నా చుట్టూ ఉన్న ఆడవాళ్లని అడిగి చూడు, ఒక్కరికీ ఉండదు. నువ్వున్నావుగా.

నీ పప్పులు ఉడకని చోటు ఒకటుందని మా చెల్లి కాన్పయ్యాక తెలిసింది. పురుడయిన కొత్తలో దిగులు చాలామందికి వస్తుంది, రెండు వారాల్లో తగ్గిపోతుంది. దానిది తగ్గలేదు. ఒక నర్సు పది ప్రశ్నల కాగితం చేతిలో పెట్టింది, ఎడిన్‌బరో స్కేల్ అంటారట, 1987 నుంచి వాడుతున్నారు. గడిచిన ఏడు రోజుల గురించి అడుగుతుంది, ఒక్కో ప్రశ్నకీ నాలుగేసి జవాబులు. నీతో అయితే ఒక్క మాటలో పది అబద్ధాలు ఆడేయొచ్చు, ఆ కాగితం మీద మాత్రం విడివిడిగా ఆడాలి. దిగులుతో నిద్రపట్టడం కష్టంగా ఉందా అని ఏడో ప్రశ్న. అక్కడికొచ్చేసరికి మా చెల్లికి అబద్ధాలాడే ఓపిక అయిపోయింది. పెన్ను పక్కన పెట్టేసి ఏడ్చింది, ఆవేళ కుళాయి తిప్పకుండానే.

నా కథ ఇంకా అధ్వానం. తలనొప్పని డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ పాపం నెమ్మదిగా "నిద్ర ఎలా ఉంది? ఇంకేమైనా ఇబ్బందా?" అని అడిగింది. ఫీజు నాది, జవాబు నీది. బయటికొచ్చి చెప్పులేసుకుంటుంటే అన్నీ గుర్తొచ్చాయి. రెండోసారి నిన్ను నమ్మలేక పాత రసీదు వెనక నాలుగు లైన్లు రాసుకెళ్లి, నోరు తెరవకుండా ఆ కాగితమే ఇచ్చేశాను. థైరాయిడ్, రక్తం పరీక్షలు రాసింది. థైరాయిడ్ మందగించినా, రక్తం తక్కువైనా ఇలాగే నీరసంగా, దిగులుగా ఉంటుందట, ఆ రెండూ ఆడవాళ్లలోనే ఎక్కువట. నాకు థైరాయిడ్ బయటపడింది. నా గుణమే అంత అనుకున్నదాంట్లో కొంత పొద్దున్నే వేసుకునే ఒక మాత్రకి తగ్గిందంటే ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మిగతాదానికి కౌన్సెలింగ్. ఇంకో మాట కూడా చెప్పింది ఆవిడ: రెండు వారాలపాటు రోజులో ఎక్కువసేపు మనసు బాగోకపోతే, ఏ పనిమీదా ఇష్టం పుట్టకపోతే వచ్చి చూపించుకోవాలి. చచ్చిపోతే బాగుండనిపిస్తే మాత్రం రెండు గంటలు కూడా ఆగకూడదు, ఎవరో ఒకరికి అప్పటికప్పుడు చెప్పాలి. అక్కడికి నువ్వొచ్చావంటే ఊరుకోను.

"నీకోసం నువ్వు కాస్త టైమ్ పెట్టుకో" అని సలహా ఇచ్చేవాళ్లు కూడా నీ జట్టేనని నా అనుమానం. ఎందులోంచి తీసి పెట్టుకోవాలో చెప్పరు. నేను నిద్రలోంచి తీశాను. అందరూ పడుకున్నాక ఒంటిగంట దాకా ఫోన్ చూస్తూ, అది నా టైమ్ అని మురిసిపోవడం. మర్నాడు కళ్లు తెరుచుకోక సాయంత్రం ఐదింటికి ఇంకో కాఫీ. అందులో కెఫీన్ సగం దిగడానికే సుమారు 5 గంటలు పడుతుంది, అంటే రాత్రి పదింటికి కూడా సగం కప్పు నాతో మేలుకునే ఉంది. నడక సంగతీ అంతే. మనసు బాగున్నప్పుడు నడుద్దాంలే అని ఏళ్లు గడిపాను. బాగవడానికే నడవాలట. వారానికి 150 నిమిషాలు అంటారు, నాకు రోజుకు 15 దాటడం లేదు, అయినా ఆ 15 నిమిషాలు నువ్వు నా వెంట రావు, అదే పదివేలు.

మా ఆయన "చెప్తే చేసేవాణ్ణిగా" అంటారు. ఆ చెప్పడమే ఒక పని. ఏది ఎప్పుడు అయిపోతుందో, ఏ కాగితానికి ఏది ఆఖరి తేదీయో నా బుర్రలోనే తిరుగుతూ ఉండాలి. అందుకని పోయిన నెల పిల్లల స్కూలు వ్యవహారం మొత్తం, గుర్తుపెట్టుకోవడంతో సహా, ఆయనకి అప్పగించాను. ఒక తేదీ దాటిపోయింది. మిన్ను విరిగి మీదపడలేదు.

నిన్ను పూర్తిగా మాన్పించడంలేదు. బస్సులో పక్కనావిడ ఊరికే అడిగినప్పుడు వచ్చి మాట్లాడి వెళ్లు. డాక్టరు గదిలోకీ, మా చెల్లి ఫోన్‌లోకీ మాత్రం అడుగుపెట్టకు. మేమిద్దరం ఇప్పుడు ఎలా ఉన్నావని ఒకరినొకరం అడగడం మానేశాం, పదికి ఎంత అని అడుగుతాం. అంకె చెప్తే చాలు. నాది ఇవాళ 6.

ఇది రాస్తుండగానే దాని మెసేజ్ వచ్చింది. అంకె ఒక్కటే ఉంది, 3. ఫోన్ చేయాలి, ఉంటాను.