కుంచం కొలిచే పిల్లకి భిన్నాలు రావా?

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఏ బడి గేటు దగ్గరైనా వినపడే మాట ఒకటుంది: 'మా గుంటడికి లెక్కలు రావండి, ఏదో పాసైపోతే చాలు.' ఇంట్లోవాళ్లు అన్నారంటే సరే, ఎనిమిదో తరగతికి వచ్చేసరికి మాస్టార్లూ అదే అంటారు, ఆ తర్వాత గుంటడూ అదే నమ్మేస్తాడు.

దీనికి విరుగుడంటూ పట్నాల్లో ఇంకో వ్యాపారం నడుస్తోంది. వేలిముద్రలు తీసుకుని, మీ పాప చూసి నేర్చుకునే రకం, మీ బాబు విని నేర్చుకునే రకం అని రంగుల రిపోర్టు చేతిలో పెడతారు. డబ్బులు దండగ. వేలిముద్రకీ తెలివికీ ముడిపెట్టడానికి శాస్త్రీయ ఆధారం లేదు. అసలు ఏ రకం పిల్లలకి ఆ రకంగా చెబితేనే బాగా ఎక్కుతుందన్న వాదానికే సరైన రుజువు లేదని 2008లో నలుగురు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు పాత పరిశోధనలు తిరగేసి తేల్చారు.

అలాగని పిల్లలంతా ఒకటే అనడం లేదు. ఒకడు నోటితో చకచకా చెప్పి కాగితం మీద తడబడతాడు, ఒకమ్మాయికి బొమ్మ గీస్తే తప్ప తోవ దొరకదు. మేం అనేదల్లా, పిల్లకో పద్ధతి వెతక్కుండా ఒకే పాఠాన్ని రెండు మూడు దారుల్లో అందరికీ చెప్పమని.

భిన్నాలే తీసుకోండి. 1/2కి 1/4 కలపమంటే పైవి పైవి, కిందవి కిందవి కూడేసి 2/6 అని రాసేవాళ్లు ప్రతి తరగతిలోనూ ఉంటారు. అదే ధాన్యం కొలతలు చూడండి: కుంచంలో సగం అడ్డ, అడ్డలో సగం మానిక, మానికలో సగం తవ్వ, తవ్వలో సగం సోల. ధాన్యం కొలిచే ఇంటి పిల్లకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. అడ్డెడు గింజల మీద మానికెడు పోస్తే మూడు మానికలు, అంటే కుంచంలో ముప్పావు. 2/6 అంటే కుంచంలో మూడో వంతు, అడ్డ కంటే తక్కువ. ఉన్నదాని మీద ఇంకా పోస్తే తగ్గుతుందా అని అడిగి చూడండి, ఆ పిల్లే నవ్వుతుంది. కొలతలు బల్ల మీద పెట్టి, పక్కన బొమ్మ గీసి, ఆఖర్న అంకెలు రాస్తే సరి. సూత్రం ముందే బట్టీ పట్టేసిన ఫస్టు ర్యాంకు వాడికి కూడా అది ఎందుకు పనిచేస్తుందో అప్పుడే తెలుస్తుంది.

సైన్సుకైతే అరసవల్లి సూర్యదేవాలయం ఉంది. మార్చి 9, 10, అక్టోబరు 1, 2 తేదీల్లో, మబ్బు పట్టకపోతే, సూర్యకిరణాలు స్వామివారిని తాకుతాయని జిల్లా జిల్లాయే కదిలి వెళ్తుంది కానీ, ఆ తేదీలే ఎందుకని అడిగే సైన్సు పీరియడ్ ఎక్కడుంది? డిసెంబరు 21, 22 ప్రాంతంలో సూర్యుడు దక్షిణాన కొసదాకా వెళ్లి వెనక్కి తిరుగుతాడు, అక్కణ్నుంచి ముందుకీ వెనక్కీ సుమారు 80 రోజులు లెక్కపెడితే తగిలేవి ఈ తేదీలే, కాబట్టి రెండుసార్లూ పొద్దు పొడిచే చోటు దాదాపు ఒకటే. ఒకరు బడి ఆవరణలో కర్ర పాతి నీడ గీస్తారు, ఒకరు క్యాలెండర్ పట్టుకుంటారు, ఇంకొకరు టార్చిలైటూ బంతీ తెస్తారు, అందరూ మూడూ చూస్తారు.

మందస, మెళియాపుట్టి కొండల్లో సవర గిరిజన పిల్లల ఇబ్బంది వేరు. వాళ్లకి చాలాసార్లు చిక్కు లెక్కలో ఉండదు, లెక్క అడిగిన తెలుగులో ఉంటుంది. గిడుగు రామమూర్తి పంతులు నూరేళ్ల కిందటే సవర నేర్చుకుని ఆ భాషలో వాచకాలు రాశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న ఫొటోకి దండ వేయడం మాత్రం మనం మర్చిపోం!

కొందరికి అంకెలు నిజంగానే పట్టుబడవు. దాన్ని డిస్కాల్కులియా అంటారు, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని గుర్తించింది కూడా. బద్ధకమని బెత్తం తీసేముందు పరీక్ష చేయించాలి.

ఐదు తరగతులకీ ఒక్కరే ఉన్న బడిలో, పైన యాప్‌ల టెన్షన్ పెట్టుకుని, ఇవన్నీ ఎప్పుడు చెయ్యమంటారని మాస్టార్లు అడుగుతారు. న్యాయమే. అందుకే ఒక్కొక్కరి నెత్తిన పెట్టకుండా చుట్టుపక్కల బళ్ల మాస్టార్లంతా కూడే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో నెలకో పాఠం కలిసి తయారుచేసుకోవాలి, బీరువాల్లో ఉన్న సైన్సు కిట్ల తాళాలు తీయాలి. స్లిప్ టెస్టులో ఒక్క ప్రశ్నకైనా నోటితో చెప్పినా, బొమ్మ గీసి చూపినా మార్కులు వేయమని జిల్లా విద్యాశాఖాధికారులు (డీఈవోలు) ఒక సర్క్యులర్ ఇవ్వాలి, దానికి పైసా ఖర్చు లేదు.