సవరణ: గ్రేటర్ హైదరాబాద్ ఫలితాల లెక్క

2020 డిసెంబర్ 1న జరిగిన గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ ఎన్నికల గురించి నిన్న రాసినప్పుడు తెలంగాణ రాష్ట్ర సమితికి 55 డివిజన్లు వచ్చాయన్నాను. అది తప్పు. సరైన సంఖ్య 56.

55 అనేది డిసెంబర్ 4 రాత్రి లెక్క. ఆ రోజు నేరేడ్‌మెట్ ఫలితం ప్రకటించలేదు. ఓటు వేయడానికి వాడే స్వస్తిక్ ముద్ర కాక వేరే ముద్ర పడిన బ్యాలెట్ పత్రాలపై వివాదం హైకోర్టుకు వెళ్లింది. ఆధిక్యం కంటే అలాంటి ఓట్లే ఎక్కువగా ఉండటంతో ఫలితం ఆగి, డిసెంబర్ 9న సమితికి అనుకూలంగా తేలింది. ఆ డివిజన్ ఓటర్లు అయిదు రోజులు ఎదురుచూసిన ఫలితాన్ని నేను లెక్కలోనే వదిలేశాను. వారికి నా క్షమాపణ. బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2 అన్నవి సరైనవే.

ఇంకొక పొరపాటు దీనికంటే పెద్దది. మొత్తం డివిజన్లు 150 కాబట్టి మేయర్ పదవికి 76 మంది కార్పొరేటర్లు కావాలని రాశాను. కార్పొరేటర్లతో పాటు ఎక్స్‌అఫీషియో (పదవి రీత్యా) సభ్యులుగా నమోదైన ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలకు కూడా మేయర్ ఎన్నికలో ఓటు ఉంటుంది. వారిని విస్మరిస్తే 2021 ఫిబ్రవరి 11న సమితికి చెందిన గద్వాల విజయలక్ష్మి మేయర్‌గా ఎలా ఎన్నికయ్యారో పాఠకులకు అర్థం కాదు. పాత వ్యాసంలో రెండు చోట్లా దిద్దాను.