ఏడవవద్దనే ఆ సందేశానికి నా జవాబు

"మరణం లేదు, ముసలితనానికి భయపడకండి" అనే సందేశాన్ని ఈ నెలలో ఐదుగురు మిత్రులు నాకు పంపారు. మంచి మనసుతోనే పంపారని తెలుసు కనుక ఐదుసార్లూ మిన్నకున్నాను. ఆరవసారి అది మా పెద్దమ్మ ఫోనులో కనిపించింది. పెద్దనాన్న పోయి మూడు నెలలైంది. ఆత్మకు 21 గ్రాముల బరువుందని, గొప్ప శాస్త్రవేత్తలే ఒప్పుకున్నారని, మీడియం (ఆత్మలతో మాట్లాడిస్తాననే మనిషి) ద్వారా పోయినవారు మాట్లాడతారని, మనం ఏడిస్తే వారి ఆత్మ ముందుకు సాగలేక విలవిల్లాడుతుందని, వయసు పైబడ్డవారు శరీరాన్ని పట్టించుకోవడం మానాలని అందులో ఐదు మాటలున్నాయి.

21 గ్రాముల సంగతి తొందరగానే తేలిపోతుంది. 1907లో డంకన్ మెక్‌డూగల్ అనే అమెరికా వైద్యుడు ప్రకటించిన ప్రయోగంలో తూకం వేసింది చనిపోతున్న ఆరుగురు రోగులను. ఇద్దరి లెక్కలను ఆయనే పక్కన పెట్టారు. ప్రాణం పోయినప్పుడు తగ్గాయన్న ఆ 21 గ్రాములు ఒక్కరి లెక్క.

గొప్పవారు నమ్మారన్నది నిజమే. భౌతిక శాస్త్రవేత్త ఆలివర్ లాడ్జ్, రచయిత ఆర్థర్ కానన్ డాయల్ నమ్మారు. అయితే ఇద్దరు అమ్మాయిలు కాగితపు బొమ్మలు నిలబెట్టి తీసిన దేవకన్యల ఫోటోలను కూడా డాయల్ నిజమనే నమ్మి 1920లో ప్రచురించారు.

ఇక మీడియంల విషయం. పోయినవారి ఆత్మలతో మాట్లాడవచ్చనే ఈ ఉద్యమానికి ఊపిరి పోసింది 1848లో న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్స్‌విల్‌లో ఫాక్స్ అక్కచెల్లెళ్లు వినిపించిన టకటక శబ్దాలు. ఆ శబ్దాలు కాలివేళ్ల కీళ్లతో చేసినవేనని వారిలో ఒకరైన మార్గరెట్ 1888లో నిండు సభలో చేసి చూపించారు. మరుసటి ఏడు ఆ మాట వెనక్కి తీసుకున్నారు, కానీ జనం చూసిన విద్య చూసినదే. 1922లో ఇంద్రజాలికుడు హుడీనీకి ఆయన తల్లి ఆత్మ చెప్పినదంటూ డాయల్ భార్య పేజీలకు పేజీలు రాసి ఇచ్చారు. ఉత్తరమంతా ఇంగ్లీషు, పైన శిలువ గుర్తు. ఆ తల్లి యూదు మతగురువు భార్య, ఆమెకు ఇంగ్లీషు రాదు. తల్లి మాట కోసం అల్లాడిన కొడుకు చేతిలో ఆ కాగితాలు పెట్టడం ఎంత క్రూరమో, పెట్టినవారికి తెలియకపోయి ఉండవచ్చు.

నాలుగో మాటే నా చేత ఈ జవాబు రాయించింది. ఆ సందేశం చదివిన నాటి నుంచి పెద్దమ్మ ఏడవడం మానేసింది. పెద్దనాన్న కళ్లద్దాలను చీర చెంగుతో తుడిచి, తిరిగి పెట్టెలో పెడుతూ, "నేను ఏడిస్తే ఆయనకు అక్కడ నొప్పి పుడుతుందటరా, నిజమేనా?" అని అడిగింది. యాభై ఏళ్లు కలిసి బతికిన మనిషి కోసం కంటతడి పెట్టడం ఆయనను హింసించడమేనని ఒక ముసలావిడను నమ్మించడం ఓదార్పు ఎలా అవుతుంది? దుఃఖం చాలదని దాని మీద నేరభారం కూడా మోపడమే ఇది. ఈ ముక్క రాసిన పెద్దమనిషి ఎవరో, ఆమె ఎదుట కూర్చుని ఆ మాట అనగలరా? పంపిన మిత్రులారా, మీరు అనగలరా?

ఐదో మాటకు ఒక్క జవాబు చాలు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పిస్‌ను (చివరి రోజుల్లో ఉన్నవారిని చూసుకునే ఆసుపత్రిని) నెలకొల్పిన సిసిలీ సాండర్స్ గట్టి దైవభక్తురాలు. అయినా చనిపోతున్నవారికి నొప్పి తిరగబెట్టకముందే, వేళ తప్పకుండా మందు ఇవ్వాలని పట్టుబట్టారు. నమ్మకం ఉన్నంత మాత్రాన శరీరాన్ని గాలికి వదిలేయనక్కరలేదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. వేల్స్‌లో డ్యూయీ రీస్ అనే వైద్యుడు జీవిత భాగస్వామిని పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడి 1971లో ప్రచురించిన అధ్యయనంలో, దాదాపు సగం మంది పోయినవారు దగ్గరున్నట్టు అనిపించడమో, వారి గొంతు వినబడడమో జరిగిందన్నారు. వారిలో ఎక్కువమందికి అది ఊరటనిచ్చింది. ఎక్కువమంది దాన్ని అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదు కూడా. నేను ఈ సంగతి చెప్పగానే పెద్దమ్మ, రోజూ తెల్లవారుజామున వరండాలో ఆయన దగ్గు వినబడుతోందని మొదటిసారి బయటపెట్టి, చాలాసేపు ఏడ్చింది. ఆ దగ్గు భ్రమ అని నేను అనలేదు, అనను కూడా. మీ నమ్మకాన్ని వదులుకోమనీ అడగను. ఆ సందేశాన్ని ఇంకెవరికైనా పంపక తప్పదనుకుంటే, నాలుగో మాట తీసేసి పంపండి.