మిస్ అవుతున్నాను

పక్క వాటాకూ మాకూ మధ్య గోడ పలచన. బాబాయి రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. నేనెప్పుడూ పిన్ని పక్షమే. నిన్న పొద్దున ఏడున్నరకు మొదలైంది.

పిన్ని: రెండు ఆవకాయ జాడీలు ఒళ్లో పెట్టుకుని ఆటోలో వచ్చాను. మూడు వందల ఇరవై గుంజాడు!

బాబాయి: నేను సికింద్రాబాద్ స్టేషనులో ఫ్లాస్కు పట్టుకుని గంటన్నర నిలబడ్డాను. గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగిన ఆడవాళ్లందరి ముఖాల్లోకీ తొంగి చూస్తుంటే ఒకావిడ పోలీసును పిలవబోయింది.

పిన్ని: రావడం లేదని మీరే కదా మెసేజీ పెట్టారు!

బాబాయి: నేనా? ‘నిన్ను చాలా మిస్ అవుతున్నాను’ అని పెట్టాను.

పిన్ని: అదే మరి! మొన్న గ్యాసు బండ మిస్ అయ్యారు. మా తమ్ముడి పెళ్లికి బస్సు మిస్ అయ్యి, తలంబ్రాలు అయిపోయాక వచ్చారు. ఈసారి నన్ను. పైగా ‘చాలా’ అన్నారు. అందుకే స్టేషనులో నిమిషం కూడా ఆగలేదు.

బాబాయి: అది ఆ మిస్ కాదే!

పిన్ని: బడిలో మిస్సా?

బాబాయి: అది ‘మిస్ట్రెస్’కు పొట్టి రూపం. ఇది క్రియ. ఉండు... (నిఘంటువు పేజీల చప్పుడు) పాత ఇంగ్లీషులో దీనికి గురి తప్పడమని అర్థం.

పిన్ని: నేనూ అదే అన్నాను.

బాబాయి: పూర్తిగా విను! మనిషి దగ్గర లేదని బెంగపడడం అనే అర్థం 15వ శతాబ్దంలో వచ్చింది.

పిన్ని: ఇంగ్లీషులోకి వచ్చింది. మనింట్లోకి నిన్న రాత్రే కదా వచ్చింది! నాకెలా తెలుస్తుంది?

బాబాయి: ఫ్రెంచి వాళ్లయితే తిప్పి చెబుతారు. ‘నువ్వు నాకు కొరవడ్డావు’ అని.

పిన్ని: ఏం కొరవడింది? మూడు రోజులకు సరిపడా పప్పుచారు ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లానే!

(కాసేపు నిశ్శబ్దం.)

బాబాయి: గిన్నె కనిపించలేదు.

పిన్ని: పెరుగు వెనకాలే ఉంది! అదీ మిస్సేనా? మరి ఏం తిన్నారు?

బాబాయి: అటుకులు.

పిన్ని: మూడు రోజులూనా! ఆ ఫ్లాస్కు ఇలా ఇవ్వండి. (మూత తీసిన చప్పుడు) చక్కెర వేయడం కూడా మిస్ అయ్యారు.

బాబాయి: మిస్ కాలేదు. నీకు డాక్టరు వద్దన్నాడు కదా.

(ఈసారి నిశ్శబ్దం ఇంకాస్త పొడుగ్గా సాగింది.)

పిన్ని: ఇంకా వేడిగానే ఉంది. ఇంకో గ్లాసు తెచ్చుకోండి. అన్నట్టు, ఇకమీదట బెంగ పుడితే బెంగ అనే రాయండి. ఆటో డబ్బులన్నా మిగులుతాయి.