అటక మీది రక్షకుడు

విపత్తులకు సిద్ధంగా ఉండటం గృహస్థు ధర్మమని నేను గ్రహించిన రోజున మా ఇంట్లో ఒక నీలం సంచి వెలిసింది. అందులో టార్చి, దానికి విడిగా బ్యాటరీలు, ప్రథమ చికిత్స పెట్టె, బిస్కెట్లు, తడవకుండా చుట్టిపెట్టిన పత్రాల నకళ్లు, అమ్మ వేసుకునే మాత్రలు వారానికి సరిపడా, కొంత చిల్లర, ఒక ఈల. శిథిలాల కింద చిక్కుకున్నవాడి గొంతు త్వరగా బొంగురుపోతుంది కానీ ఈల పోదు కదా, అందుకని. సంచిని అటక ఎక్కించి చేతులు దులుపుకున్నాక నాకు కలిగిన ధైర్యం ఇంతా అంతా కాదు. భూకంపాలు, తుపానులు మా గుమ్మం దాకా వచ్చి, సంచి సంగతి విని, సిగ్గుపడి వెనుదిరుగుతాయనే అనుకున్నాను.

మొదటి దాడి రెండో వారంలోనే జరిగింది. మ్యాచ్ చివరి నిమిషాల్లో టీవీ రిమోట్ మొరాయించింది. ఇంతకు మించిన అత్యవసరం ఏముంటుందని మా అబ్బాయి అటక ఎక్కి బ్యాటరీలు దించాడు. "రేపు కొత్తవి తెచ్చి పెట్టేస్తాను నాన్నా" అన్నాడు. ఆ రేపటి కోసం సంచీ నేనూ ఇప్పటికీ ఎదురుచూస్తున్నాం. చిల్లర, తలుపు తట్టినవాళ్లందరికీ విడతలవారీగా చెల్లిపోయింది. అమ్మ మాత్రలు ఒక నెలాఖరున ఆదుకున్నాయి. పక్కింటి పిల్లవాడి పుట్టినరోజు మాకు హఠాత్తుగా గుర్తొచ్చిన సాయంత్రం ఈల కానుకగా వెళ్లిపోయింది. బిస్కెట్ల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. గడువు తేదీ చూద్దామని ఒక అర్ధరాత్రి నేనే ఎక్కాను. రుచి చూడటం కూడా తనిఖీలో భాగమే కదా.

ఇక నీళ్లు. మనిషికి రోజుకు సుమారు 4 లీటర్ల చొప్పున కనీసం 3 రోజులకు నిల్వ ఉంచుకోవాలని నిపుణులు చెబుతారు. మేం అయిదుగురం. అంటే 60 లీటర్లు, 60 కిలోలు. ఇంట్లో ఇంకో మనిషిని పెట్టుకున్నట్టే. ఆ మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలన్న చర్చ మామగారి ప్రశ్నతో ఆగింది. "వరదకు నీళ్లు దాచుకోవడమేమిటి అల్లుడుగారూ, వరదలో నీళ్లకు కరవా?" మురుగు కలిసిన వరద నీరు నడుము లోతున చుట్టుముట్టినప్పుడే తాగడానికి గుక్కెడు దొరకదని నేను వివరించబోయాను. ఆయన అప్పటికే గెలిచి నిద్రకు ఉపక్రమించారు. చివరికి డబ్బాలు సోఫా వెనక చేరాయి. ప్రస్తుతం వాటితో కుండీల్లోని మొక్కలు కరవును తట్టుకుంటున్నాయి.

ఫోను నంబర్లు కాగితం మీద రాసి ఉంచుకోవాలన్నారు. రాశాను. కాగితం పోతుందేమోనన్న ముందుచూపుతో దాన్ని ఫోనులో ఫొటో తీసుకుని, కాగితం పారేశాను.

కసరత్తు లేని సన్నద్ధత వ్యర్థం కాబట్టి ఒక ఆదివారం భూకంపం ప్రకటించాను. జపాన్‌లో 1923 సెప్టెంబరు 1న భూమి కంపించినప్పుడు సమయం 11 గంటల 58 నిమిషాలు. ఇళ్లలో మధ్యాహ్నం వంటకు పొయ్యిలు వెలిగించి ఉన్నాయి. కూలిన ఇళ్లను ఆ నిప్పే అంటుకుంది. లక్ష మందికి పైగా పోయారు. ఏటా అదే తేదీన అక్కడ కసరత్తులు చేస్తారు. ఇదంతా గంభీరంగా చదివి వినిపించి, పొయ్యి ఆపమన్నాను. "ఇది దించాక రమ్మనండి మీ భూకంపాన్ని" అంది మా ఆవిడ. దించాక వచ్చింది. వంగి, బల్ల కిందికి దూరి, దాని కాలు పట్టుకోవాలి. కానీ బల్ల కింద పాత పేపర్లు, తిరగని ఫ్యాను, ఎవరూ ఎక్కని వ్యాయామ సైకిలు ముందే తలదాచుకుని ఉన్నాయి. నా తల మాత్రం పట్టింది. మామగారు గుమ్మంలో నిలబడి, తమ కాలంలో అదే పద్ధతి అన్నారు. ఇప్పటి గుమ్మాలకు గోడలకన్నా ఎక్కువ బలమేమీ లేదని బల్ల కింద నుంచి అరిచాను. నా మాట ఫ్యానుకే వినిపించింది.

మొన్న రాత్రి కరెంటు పోయింది. తుపాను కాదు, ఊరికే పోయింది. సంచి కోసం లేచాను. అటక మీద చీకటి. ఫోను వెలుతురులో తడుముతుంటే నాలుగు శాతం మిగిలిన ఛార్జీ కూడా అయిపోయింది. పత్రాల నకళ్ల మధ్య టార్చి చేతికి తగిలింది. నొక్కితే వెలగలేదు. బ్యాటరీలు రిమోట్‌లో ఉన్నాయి. రిమోట్ ఎక్కడుందో వెతకడానికి టార్చి కావాలి.

అటక మీదే కూర్చుండిపోయాను. దూరంగా ఈల వినిపించింది. పక్కింటి పిల్లవాడు చీకట్లో కూర్చుని ఊదుతున్నాడు. నేను తెచ్చిందే. నాణ్యమైన సరుకు. రెండు గోడలు దాటి కూడా స్పష్టంగా వినిపిస్తోంది.